పాత వంటింటి పొగగూటి గోడకు ఏ పూత వేయాలి?

తిరుపతి పాత వీధుల్లోనో చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లోనో తాతల నాటి మిద్దె ఇంటిని బాగుచేయించేవాళ్లను అన్నిటికన్నా ఎక్కువ సతాయించేది వంటింటి గోడ. కట్టెల పొయ్యి తీసేసి గ్యాసు పెట్టి ముప్ఫై ఏళ్లయినా సరే, పొయ్యి మీదుగా ముందుకు పొడుచుకొచ్చిన పొగగూటి గోడ ప్రతి వానాకాలం గోధుమరంగు మరకలు కక్కుతూనే ఉంటుంది. సిమెంటు పూస్తారు, పైన పుట్టీ పెడతారు, రంగు వేస్తారు. రెండేళ్లు తిరక్కుండా మళ్లీ పెచ్చులు. చాలాసార్లు మేస్త్రీ పనితనం బాగానే ఉంటుంది, ఎంచుకున్న సరుకే ఆ గోడకు పడదు.

ఇంట్లో మిగతా గోడలకు లేని మూడు బాధలు ఈ గోడకు ఉన్నాయి. పొయ్యి వాడుకలో ఉంటే రోజూ వేడెక్కి చల్లారుతుంది, అంటే ఇటుక సాగి ముడుచుకుంటుంది. ఏళ్ల తరబడి కట్టెల పొగ పట్టి మసి, తారు, ఉప్పులు ఇటుకల్లోకి ఇంకిపోయి ఉంటాయి. ఆ ఉప్పులు గాలిలో తేమను లాక్కుంటాయి, అందుకే వాన పడకపోయినా ముసురు పట్టిన రోజున గోడ చెమ్మగా కనిపిస్తుంది. ఇక మూడోది, పొగగూడు పైన నోరు తెరుచుకుని ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే ఈశాన్య రుతుపవనాల వాన నేరుగా గోడ కడుపులోకి దిగుతుంది.

వీటికి తట్టుకోవాలంటే పూత రెండు షరతులు తీర్చాలి: గోడ కన్నా మెత్తగా ఉండాలి, చెమ్మను లోపల బిగించకుండా బయటికి వదలాలి. గోడ కన్నా పూత గట్టిదైతే, ఊడేటప్పుడు ఇటుక మొహాన్ని కూడా పట్టుకుని ఊడుతుంది.

ముందు గోడను పరీక్షించండి

సరుకు కొనే ముందు ఒక పూట ఈ పనికి కేటాయించండి. సుత్తి పిడితో గోడంతా మెల్లగా తట్టండి. డొల్ల శబ్దం వచ్చినచోటల్లా బొగ్గుతో గీత గీయండి. తర్వాత ఎక్కడో ఒక మూల పూత కొంచెం రాల్చి లోపలి అతుకులు చూడండి. మేకుతో గీకితే ఎర్రమట్టి రాలిందంటే మట్టి కట్టుబడి. తెల్లగా పొడి రాలి, దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే బుసబుసమని నురుగు వస్తే సున్నపు కట్టుబడి. మేకు జారిపోయి సన్నని గీత మాత్రమే పడితే సిమెంటు. నిమ్మరసం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, పాత సిమెంటు కూడా కాస్త పొంగుతుంది. మేకు చెప్పే సాక్ష్యమే గట్టిది.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చడానికి అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం తీసుకుని నాలుగు వైపులా టేపు వేసి రెండు రోజులు వదిలేయండి. కాగితం వెనక నీటి చుక్కలు పడితే చెమ్మ గోడ లోపలిది. ముందువైపు పడితే వంటగది ఆవిరి. మరక ఎత్తు కూడా చాలా చెబుతుంది. నేల నుంచి రెండు మూడు అడుగుల లోపే ఆగితే పునాది చెమ్మ, మిద్దె కింద మొదలై దిగితే పైకప్పు దగ్గర అతుకు, పొగగూటి వెడల్పునే పట్టుకుని మధ్యలో గోధుమరంగులో ఉంటే మసి ఉప్పులు.

ఇంకొక్కటి చూడకుండా పని మొదలుపెట్టవద్దు. గ్యాసు గట్టు కోసం కింద పొయ్యి భాగాన్ని కొట్టేసి, పైన పొగగూడును అలాగే గాల్లో వదిలేసిన ఇళ్లు ఉంటాయి. ఆ బరువు దేని మీద నిలబడిందో కనిపించకపోతే పూత సంగతి పక్కనబెట్టి ముందు ఇంజినీరుకు చూపించండి. చిటికెన వేలు దూరేంత ఏటవాలు బీటలున్నా అంతే. దాన్ని ఏ పూతా ఆపలేదు.

ఏది వేయాలి, ఏది వద్దు

జిప్సం, పీవోపీ: వాడుకలో ఉన్న పొయ్యి గోడకు అస్సలు వద్దు. జిప్సం గట్టిపడేదే తనలో కలుపుకున్న నీటితో. రోజూ వేడి తగిలితే ఆ నీరు పోయి పిండైపోతుంది. వానకు తడిస్తే మెత్తబడుతుంది. ఈ గోడకు రెండు ప్రమాదాలూ ఉన్నాయి.

సిమెంటు, ఇసుక 1:4, 1:6 పాళ్లు: మట్టి కట్టుబడికి, సున్నపు కట్టుబడికి రెండింటికీ పనికిరాదు. చెమ్మ బయటికి పోలేక పూత వెనక చేరుతుంది, ఉప్పు అక్కడే పేరుకుని పూతను నెట్టేస్తుంది. వాటర్‌ప్రూఫ్ మందు కలిపితే ఇంకా త్వరగా చెడుతుంది. నీరు పైనుంచి, లోపలి నుంచి వస్తుంటే ముందు మొహాన్ని మూస్తే ఏం లాభం?

సిమెంటు, సున్నం, ఇసుక కలిపిన 1:1:6 పాళ్లు: గోడ కొత్తకాలపు ఇటుకతో, సిమెంటు కట్టుబడితో ఉండి, పొయ్యి మానేసి ఉంటే వాడవచ్చు. ఇటుక కాస్త బలహీనంగా ఉంటే 1:2:9. అయితే మేస్త్రీలు మామూలుగా చెప్పే “సున్నంలో ఒక్క తాపీడు సిమెంటు వేస్తే త్వరగా పట్టుకుంటుంది సార్” అన్న మాటకు మాత్రం ఒప్పుకోకండి. అంత కొద్ది సిమెంటు గోడకు బలం ఇవ్వదు సరికదా, సున్నం పట్టును కూడా చెడగొడుతుంది.

సున్నం, ఇటుకపొడి, ఇసుక: పాత ఇటుక, సున్నపు కట్టుబడి ఉన్న గోడకు ఇదే సరైనది. పొయ్యి వెలుగుతున్నా ఆరిపోయినా పనిచేస్తుంది. ఉత్త సున్నం గాలి తగిలి గట్టిపడుతుంది, చెమ్మగా ఉన్న చోట ఆ పని చాలా నెమ్మది. బాగా కాలిన ఇటుకపొడి కలిస్తే చెమ్మలో కూడా పట్టు వస్తుంది. చంద్రగిరి కోటలోని రాజమహల్‌ను కొయ్య వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. ఈ ప్రాంతంలో సున్నం ఎన్నాళ్లు నిలుస్తుందని అనుమానపడే మేస్త్రీని ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి, వాదన ముగుస్తుంది.

సంచుల్లో దొరికే సహజ హైడ్రాలిక్ సున్నం, అంటే నీటితోనే గట్టిపడే సున్నం కూడా ఉంది. దాని బలాన్ని 2, 3.5, 5 అని చెబుతారు. ఇంటి లోపల పాత ఇటుకకు 2 గానీ 3.5 గానీ చాలు. 5 తీసుకుంటే సిమెంటు దారిలోకి పోయినట్టే. ధర ఎక్కువ, కానీ నానబెట్టే పని ఉండదు. కొలత ఒకటికి రెండున్నర ఇసుక.

మట్టి పూత: రాయి, మట్టితో కట్టిన పల్లె ఇంటి గోడకు, పొయ్యి ఇంకా వెలుగుతుంటే, నిస్సంకోచంగా ఇదే వేయండి. జల్లించిన ఎర్రమట్టి ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు, తరిగిన వరిగడ్డి, పేడ కలిపి మూడు రోజులు పులియబెట్టి తొక్కించాలి. ఇంగ్లండులో చలిమంట గూళ్లున్న పాత ఇళ్లలో కూడా పొగ వెళ్లే దారి లోపలివైపు సున్నంలో పేడ కలిపే పూసేవాళ్లు. వేడికి పగలకుండా ఉండే గుణం కోసం ఎవరి ఊళ్లో వాళ్లు ఒకే సరుకు దగ్గరికి చేరారన్నమాట.

మంట నేరుగా తగిలే పొయ్యి నోటి చుట్టూ జానెడు మేర ఏ పూతా వద్దు. అక్కడ మంటను తట్టుకునే ఫైర్‌క్లే ఇటుక, ఫైర్‌క్లే అతుకు వాడి అలాగే వదిలేయాలి.

పూతకు ముందు చేయాల్సినవి

మొదట పైన నోరు. పొయ్యి వాడకపోతే గూటి నాలుగు మూలల మీద ఇటుకలు నిలిపి వాటిపై కడప బండ పరచండి. పక్కల నాలుగంగుళాల సందు గాలికి వదలండి. సందుకు జాలీ బిగించకపోతే పావురాలు కాపురం పెడతాయి. తిరుపతిలో కోతుల బెడద ఉన్న వీధుల్లో బండను సున్నపు గారతో అతికించాలి, ఊరికే పెడితే మర్నాడు అది కింద ఉంటుంది. అడుగున గది వైపు కూడా 9 అంగుళాలకు 6 అంగుళాల జాలీ ఒకటి ఉంచండి. పైనా కిందా రెండూ మూసేసి లోపల రాళ్లూ రప్పలూ నింపితే ఆ గూడు చెమ్మ నిల్వ చేసే తొట్టి అవుతుంది. ఎలక్ట్రిక్ చిమ్నీ గొట్టాన్ని ఈ పాత గూటిలోకి దోపడం కూడా పొరపాటే. నూనె ఆవిరి మసికి తోడై మరక రెట్టింపవుతుంది. దానికి వేరే దారి చూడండి.

తర్వాత గూడు లోపలి మసి దులపండి. అడుగున నోటికి తడి గోనెపట్టా కట్టి, ముక్కుకు మాస్కు పెట్టుకుని, పైనుంచి బ్రష్షు దించాలి.

ఇప్పుడు పాత పూత తీయించండి. డొల్ల మోగినదే కాకుండా దాని చుట్టూ అడుగు మేర గట్టిగా ఉన్నదాన్ని కూడా తీసేయాలి. బ్రేకర్ మిషన్ వద్దు, ఉలి, చిన్న సుత్తి చాలు. అతుకుల్ని ముప్పావు అంగుళం లోతు గీకించండి, కొత్త పూతకు పట్టు అక్కడే దొరుకుతుంది.

ఉప్పు తేలిన గోడను నీళ్లతో కడగాలని అందరికీ అనిపిస్తుంది. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడిబ్రష్షుతో రుద్ది, రాలినదాన్ని చేటలోకి ఎత్తి బయట పారేయండి. యాసిడ్ కూడా పోయవద్దు, అది ఇంకో ఉప్పును కలుపుతుంది. చౌడు మరీ ఎక్కువగా ఉంటే సున్నం ఒకటి, ముతక ఇసుక నాలుగు పాళ్లలో పలుచని బలి పూత వేసి నెలన్నర వదిలేసి తీసిపారేయండి. ఉప్పంతా అందులోకి చేరి ఉంటుంది. ఒక్కసారికి తగ్గకపోతే రెండోసారి. తారు పట్టి నల్లగా జిగటగా ఉన్న ఇటుకలు నాలుగైదే ఉంటే వాటితో పోరాడకండి, పీకి అదే సైజు పాత ఇటుకలు పెట్టించండి.

సరుకు ఎంత కావాలి

ముందువైపు ఐదడుగులు, రెండు పక్కలా అడుగున్నర చొప్పున, పదడుగుల ఎత్తు అనుకుందాం. మొత్తం 80 చదరపు అడుగులు. 20 మిల్లీమీటర్ల మందానికి, అతుకుల్లో పోయేది, కింద రాలేది కలిపి దాదాపు 7 ఘనపుటడుగుల గార కావాలి. ఇసుక ఇటుకపొడితో కలిపి 7 ఘనపుటడుగులు, సున్నపు ముద్ద 80 లీటర్లు తెచ్చుకోండి. మంచి గడ్డ సున్నం కిలోకు సుమారు రెండు లీటర్ల ముద్ద వస్తుంది, కాబట్టి 45 కిలోల గడ్డలు చాలు.

గడ్డల్ని నానబెట్టేది ఇనుప డ్రమ్ములోనే. ప్లాస్టిక్ బకెట్టు ఆ వేడికి కరిగిపోతుంది. ముందు నీళ్లు పోసి, తర్వాత గడ్డల్ని కొద్దికొద్దిగా వేయాలి, తిరగేసి చేస్తే ఎగిరి కళ్లలో పడుతుంది. కళ్లజోడు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానీయకండి. ఉడుకు తగ్గాక సన్న జల్లెడలో వడకట్టి, ముద్ద మీద అంగుళం నీళ్లు నిలబెట్టి మూత పెట్టండి. కనీసం మూడు వారాలు, వీలైతే మూడు నెలలు. ఉడకని పలుకులు మిగిలితే అవి గోడ మీద తర్వాత ఉడికి, పేలి, గుంటలు పడతాయి. దుకాణంలో పొడి సున్నం సంచి కొంటే తయారీ తేదీ చూసి, ఒక రాత్రీ ఒక పగలూ నానబెట్టి వాడండి. తడి తగిలి గడ్డకట్టిన సంచిని వాడవద్దు.

స్వర్ణముఖి ఏటి ఇసుకైనా, రాయి నూరి చేసే ఎం శాండ్ అయినా సీసా పరీక్ష చేయండి. సగం ఇసుక, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి కలియబెట్టి మూడు గంటలు ఉంచితే మీద ఒండ్రు పొర తేలుతుంది. ఇసుక ఎత్తులో అది వందకు ఎనిమిది దాటితే కడిగించాలి. పలుకులు ఒకే సైజులో కాకుండా ముతకా సన్నా కలిసి ఉండాలి. ఎం శాండ్‌లో సన్నని దుమ్ము ఎక్కువైతే పూత నెర్రెలిస్తుంది.

అడుగు పూత పాళ్లు: సున్నపు ముద్ద 1, ఇటుకపొడి అర, ఇసుక 2. నూరిన ఇటుక బాగా ఎర్రగా కాలినదై ఉండాలి. పచ్చి ఇటుక పొడి అయితే అది మట్టే. అంగుళం ముక్కలుగా కత్తిరించిన జనపనార కిలో ఒకటి ఈ మొత్తానికి సరిపోతుంది. దాన్ని పూయబోయే రోజే కలపండి.

బెల్లం, కరక్కాయ నీళ్ల గురించి పెద్ద మేస్త్రీలు చెప్పేది ఉత్త నమ్మకం కాదు, పూత పనికి జిగి, పట్టు వస్తాయి. కిలో దంచిన కరక్కాయ, కిలో బెల్లం ఇరవై లీటర్ల నీళ్లలో రెండు రోజులు నానబెట్టి వడకట్టి, కలపడానికి మామూలు నీళ్ల బదులు వాడండి. మోతాదు పెంచితే సున్నం ఆరడం ఆలస్యమై చీమలు పడతాయి. కరక్కాయ రంగు తేలుతుంది కాబట్టి ఆఖరి తెల్లపూతలో వద్దు. సిమెంటు ఉన్న ఏ కలపకంలోనూ బెల్లం నీళ్లు పోయనీయకండి, సిమెంటు గట్టిపడటం ఆగిపోతుంది.

పూసే పద్ధతి

కాలం ముఖ్యం. సంక్రాంతికి ఇల్లు మెరవాలన్న హడావుడిలో డిసెంబరులోనే మొదలుపెడితే గోడలో నవంబరు వాన ఇంకా ఉంటుంది. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి ఉగాది లోపు ముగించండి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండకు సున్నం పట్టుకోకముందే ఆరి పిండైపోతుంది.

మొదటి రోజు సాయంత్రం గోడ తడపండి, మర్నాడు పూసే గంట ముందు మరోసారి. చెయ్యి ఆనిస్తే చల్లగా ఉండాలి, నీరు కారకూడదు. ముందుగా పలుచని గారను తాపీతో గోడ మీదికి విసిరి గరుకు పొర ఒకటి వేయాలి. రెండు రోజులాగి 8 నుంచి 10 మిల్లీమీటర్ల మొదటి పూత. కొంచెం బిగుసుకోగానే వేలెడు దూరాల్లో ఏటవాలుగా అడ్డదిడ్డంగా గీతలు గీయించండి, మరీ లోతుకు వద్దు.

ఇక్కడ మేస్త్రీకీ మీకూ పేచీ వస్తుంది. ఆయన మర్నాడే రెండో కోటు వేసి కూలీ ముగించుకోవాలనుకుంటాడు. పది రోజులు ఆపండి. కూలీ మాట్లాడుకునేటప్పుడే మూడు విడతలుగా వస్తానని ఒప్పించుకుంటే ఈ గొడవ ఉండదు. ఆ పది రోజుల్లో మొదటి నాలుగైదు రోజులు తడి గోనెపట్టాలు వేలాడదీసి, రోజుకు రెండుమూడుసార్లు స్ప్రేతో తుంపర చల్లండి. సిమెంటుకు పట్టినట్టు పైపుతో నీళ్లు కొట్టకూడదు. సున్నానికి గాలి తగలాలి, అది గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే. ఎప్పుడూ తడిసే ఉంటే ఆ వాయువు లోపలికి పోదు.

రెండో పూత కూడా అంతే మందం. గంటల తర్వాత సన్న నెర్రెలు కనిపిస్తాయి, కంగారు వద్దు. గోటితో నొక్కితే గుర్తు పడి, వేలితో నొక్కితే పడని దశలో చెక్కతో గుండ్రంగా గట్టిగా రుద్దించండి, మూసుకుంటాయి. ఇనుప తాపీతో నున్నగా లాగితే సున్నపు పాలు పైకి తేలి పొరకట్టి, లోపలిది ఆరదు. మూలల్లో ఇనుప పట్టీలు పెట్టకండి, తుప్పు మరకలు వస్తాయి. అంచును గుండ్రంగా తిప్పేస్తే దెబ్బ తగిలినా పెచ్చు ఊడదు.

మరో పది రోజులకు ఆఖరి పూత: సున్నం ఒకటి, సన్న ఇసుక ఒకటిన్నర, మూడు మిల్లీమీటర్లు మించకుండా. దొరికితే గుల్లసున్నం వాడండి, తెల్లగా మెత్తగా వస్తుంది.

రంగుగా సున్నమే కొట్టాలి, పాలలా పలుచగా నాలుగైదు చేతులు, ఒక్కో చేతికీ రోజు ఎడం. ఎనామిల్, ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఇన్నాళ్ల కష్టం ఒక డబ్బాతో మూసేసినట్టే. పొయ్యి వాడేవాళ్లు ఆఖరి పూత తర్వాత ఆరు వారాలు ఆగి, మొదటి వారం నాలుగు పుల్లలతో సన్నమంట పెట్టి, తర్వాత పెంచండి.

తేడా వస్తే ఏం చూడాలి

గోధుమరంగు వలయం మళ్లీ వస్తే పైన బండ దగ్గర, మిద్దెకు గూటికి మధ్య అతుకు దగ్గర నీరు దిగుతోందేమో చూడండి. అక్కడ బాగుంటే ఇటుకలోనే తారు మిగిలింది, ఆ మేర తీసి ఇటుక మార్చాల్సిందే. వేలితో రాస్తే పిండి అంటుకుంటుంటే త్వరగా ఆరిందని అర్థం. పైపైనే అయితే వారం రోజులు తుంపర చల్లి, సున్నపు తేట నీళ్లు రెండుమూడుసార్లు పట్టించి చూడండి. లోతుగా రాలుతుంటే తీసి మళ్లీ వేయడమే. బఠాణీ గింజంత గుంటలు ఉడకని సున్నపు పలుకుల పని, మూడు నెలలాగి అన్నీ పేలాక ఒకేసారి పూడ్చండి. పొగగూడు పక్కగోడతో కలిసే మూలలో నిలువు గీత పడితే మాత్రం దాన్ని పూడ్చే ప్రయత్నం చేయకండి. వేడెక్కే గోడ, వేడెక్కని గోడ విడివిడిగా కదులుతాయి కాబట్టి, తాపీ అంచుతో అక్కడ ఒక నిటారు గీత మీరే వేయించి వదిలేయండి.